మా మరిది కారుకు నేను కట్టిన ధర

ఆరేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. రెండు లక్షల అరవై వేలు. అది తప్పని నాకు తెలుసు. చెప్పిన క్షణంలోనే తెలుసు. మీరు మా ఇంటి మనిషి కాదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. జగ్గయ్యపేటలో మా బంధువులు ఎవరు పాత వస్తువు కొన్నా ముందు నాకు చూపిస్తారు. కారైతే తలుపు రబ్బరు ఎత్తి కింద రంగు చూస్తాను. మీటరును నమ్మను, బ్రేకు పెడలు ఎంత అరిగిందో చూస్తాను. ఏడాదికింత, దెబ్బకింత తీసేసి ఒక మాట చెబుతాను. దానికి తిరుగుండదు.

మా ఆయనా, మా మరిదీ చెరిసగం వేసుకుని ఒక చిన్న కారు కొన్నారు. నందిగామలో మాకున్న ఎరువుల కొట్టుకు మరిది రోజూ అందులోనే వెళ్లొచ్చేవాడు. ఎనిమిదేళ్లు నడిపాడు. జ్వరమొచ్చి వారంలో పోయాడు. పెద్దకర్మ అయిన మూడో రోజు, శుక్రవారం, కారు ఎవరిదో తేల్చుకోవాల్సి వచ్చింది.

మా ఇళ్లల్లో పంపకానికి ఒక పద్ధతుంది. ఒకరు ధర కడతారు. రెండోవాళ్లు సగం ధర ఇచ్చి వస్తువు తీసుకుంటారో, సగం డబ్బు పుచ్చుకుని వస్తువు వదులుకుంటారో కోరుకుంటారు. ధర కట్టేవాళ్లు ఎక్కువ చెప్పినా, తక్కువ చెప్పినా తమకే నష్టం రావచ్చు కాబట్టి న్యాయంగా చెబుతారని పెద్దవాళ్ల ఆలోచన. రెండోవాళ్లు ఏది కోరుకుంటారో ముందే తెలిసిపోతే? అది వాళ్లు ఆలోచించలేదు. నేను ఆలోచించాను.

భారతి, నా తోడికోడలు, ఆ పది రోజులూ కారులోనే కూర్చుని ఏడ్చింది.

"మీరే కట్టండక్కా. బండి సంగతి నాకేం తెలుసు," అంది.

"రెండు లక్షల అరవై," అన్నాను.

మా ఆయన తలెత్తాడు. "అంతెక్కడిదే? క్లచ్..."

"మీరు ఊరుకోండి. కూరగాయల కూడికే రాదు మీకు."

ఆయన నవ్వేశాడు. భారతి మాత్రం అడిగింది. "క్లచ్‌కేమైంది బావగారూ?"

"ఏం కాలేదు. కాస్త బిగుసుకుందంట," అన్నాను నేనే. "డబ్బు కావాలంటే చెప్పు, లక్షా ముప్పై ఇప్పుడే చేతిలో పెడతా. కోరుకునేది నువ్వేగా."

"వద్దక్కా. బండే ఉంచుకుంటా. ఆయన జరుపుకున్న సీటు అలాగే ఉంది. మీరు చెప్పారంటే అంతేలెండి."

బంగారు గాజులు అమ్మి నాకు లక్షా ముప్పై వేలు తెచ్చిచ్చింది. "ఎలాగూ ఇక వేసుకునేది లేదుగా," అంది. నేను నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

క్లచ్ పోతోందని మెకానిక్ అంతకుముందే చెప్పాడు. చిల్లకల్లు దగ్గర లారీ తగిలి ఎడమ తలుపు మార్చారు. అన్నీ తీసేస్తే ఆ రోజు ఆ కారు లక్షా అరవై వేలు, అంతకు మించదు.

డబ్బు కోసమా? నాకు పెన్షనుంది. మరి ఎందుకు? సిగ్గుగా ఉన్నా రాస్తాను. ఆ ఎనిమిదేళ్లూ ఎక్కడికి వెళ్లినా మరిది తన భార్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. ఇంటికి పెద్దదాన్ని, వెనక కూర్చునేదాన్ని. మా ఆయనకు డ్రైవింగ్ రాదు, నా పక్కన నిద్రపోయేవాడు. ముందు వాళ్లిద్దరూ మెల్లగా ఏదో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వుకు నేను ధర కట్టాను. అది లేకుండా పోయాక, అది కావాలనుకున్న మనిషి దగ్గరే వసూలు చేశాను.

రెండు నెలలకు క్లచ్ పోయింది. నందిగామలో పాత కార్ల వ్యాపారి లక్షన్నర ఇస్తానన్నాడని భారతి వచ్చి చెప్పింది. దాన్ని తరుగుదల అంటారని వివరించాను. రెండు నెలల్లో ఏ కారూ అంత తరగదు. తను తలాడించింది. అమ్మలేదు.

మొన్న మళ్లీ వచ్చింది. వాళ్ల తమ్ముడు నందిగామలో పాత కారు కొంటున్నాడట. "మా అక్క చూస్తే మోసముండదు," అని అతనికి చెప్పి నన్ను తీసుకెళ్లడానికి వచ్చింది. ఇప్పుడు తనే నడుపుతుంది. సీటు ముందుకు జరపలేదు. కాళ్లు అందవని వీపు వెనక రెండు దిళ్లు పెట్టుకుంది.

నేను అలవాటుగా వెనక తలుపు తీశాను.

"వెనకెందుకక్కా, ముందుకు రండి," అంది.

కూర్చున్నాను. నందిగామ దాకా తను మాట్లాడుతూనే ఉంది. ఒకచోట ఏదో అని నవ్వింది కూడా. చెప్పేదేదో అప్పుడే చెప్పాల్సింది. క్లచ్ బాగుందా అని అడిగాను. మార్పించాం కదక్కా అంది. అక్కడ తమ్ముడి కారుకు సరైన ధర చెప్పాను. పైసా తేడా లేకుండా చెప్పాను. ఆ రోజు చెప్పని నిజం ఇప్పుడింత తేలిగ్గా చెప్పగలిగానని నా మీద నాకే కోపం వచ్చింది.

భారతికి చెబుతానా? తెలియదు. చెప్పకపోవచ్చు. ఇక్కడైనా లెక్క సరిచేస్తున్నాను. లక్షా అరవైలో సగం ఎనభై వేలు. నేను తీసుకున్నది లక్షా ముప్పై.