గ్రేసమ్మగారి పుట్టినరోజు విందు

మొన్న మా ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఫ్లాస్కులో నిమ్మగడ్డి టీ తెచ్చింది. మూత తిప్పగానే వచ్చిన ఆవిరి ముక్కుకు సోకి, రాస్తున్న రిపోర్టు మీద నా చెయ్యి ఆగిపోయింది. కాస్త పచ్చిగడ్డిలా, కాస్త నిమ్మతొక్కలా ఉండే ఆ వాసన నేను మొదటిసారి పీల్చింది దాదాపు ఇరవై ఏళ్ళ కిందట, అనకాపల్లి హైవే పక్కన ఒక హోటలు మేడ మీద. అప్పుడు నా ఎదురుగా గ్రేసమ్మగారు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, సూపు గిన్నె మీదకు వంగి, కళ్ళజోడంతా ఆవిరి పట్టి కూర్చుని ఉన్నారు. "ఏం మేడమ్, బాగాలేదా?" అని టీ తెచ్చిన అమ్మాయి కంగారుపడింది. బాగుందనే చెప్పాను. ఎందుకు ఆగిపోయానో చెప్పాలంటే మాత్రం గ్రేసమ్మగారి గురించి చెప్పాలి. ఈ అమ్మాయి ఆమెను చూడలేదు.

ల్యాబ్ కోర్సు పూర్తిచేసి నేను మొదట చేరింది అనకాపల్లిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో. మెట్ల కింద గది మా ల్యాబ్. దానికి పెద్ద గ్రేసమ్మగారు. పొట్టి మనిషి, నూలు చీర, మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. ఆదివారం పొద్దున్నే చర్చికి వెళ్ళి, ప్రార్థన అవగానే అటునుంచి అటే వచ్చి ల్యాబ్ తలుపు తీసేవారు. డాక్టర్లు సైతం ఆమె రాసిన కాగితం మీద రెండో మాట అడిగేవారు కాదు. మైక్రోస్కోపుకి పాత చీర అంచుతో తానే ముసుగు కుట్టి, సాయంత్రం దాన్ని కప్పేటప్పుడు పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు కప్పేవారు.

వానాకాలమంతా మాకు మలేరియా పరీక్షలే. చేరిన రెండో నెలలో చీడికాడ నుంచి జ్వరంతో వచ్చిన ఒక రైతు రక్తం పూసిన గాజు స్లైడు చూసి, ఏమీ లేదని రాసేశాను. అలసటగా ఉంది, బయట ఇంకా పదిమంది ఉన్నారు. గ్రేసమ్మగారు కాగితం చూసి, "బాగా చూసేవా?" అని అడిగారు. "చూసేను మేడమ్" అన్నాను. సగం కూడా చూడలేదు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచి, "ఏటి కనిపిస్తంది?" అన్నారు. కంటికి సన్నటి ఉంగరంలాంటి మచ్చ కనబడింది. మలేరియా క్రిమే.

"కనపడకపోతే కనపడలేదని రాయి. సరిగా చూడకపోతే సరిగా చూడలేదని నాతో చెప్పు. ఆ రెండూ ఒకటి కాదమ్మా" అన్నారు. అంతే, తిట్టలేదు. ఏమీ లేదన్న మాట విని ఆ రైతు అప్పటికే వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకుని తానే బస్‌స్టాండుకి బయలుదేరారు. చీడికాడ బస్సు కదలబోతుంటే ఆపించి, కిటికీ పక్కన తలకు తుండుగుడ్డ చుట్టుకుని వణుకుతున్న ఆ రైతును దింపి తీసుకొచ్చారు. ఆ రోజు నుంచి స్లైడు విషయంలో నేను అబద్ధం ఆడలేదు.

కానీ నేను ఆడుతున్న పెద్ద అబద్ధం వేరే ఉంది. మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఊరు. నాన్న పోయాక అమ్మా నేనూ అనకాపల్లి వచ్చి ఒక గది అద్దెకు తీసుకున్నాం. అమ్మ తెల్లవారుజామునే మా ఊరి పడవల దగ్గరికి వెళ్ళి, ఆటోలో గంప తెచ్చుకుని బజారులో అమ్మేది. ఆ గంపే నన్ను చదివించింది. అయినా నర్సింగ్ హోమ్‌లో ఎవరైనా అడిగితే "మావాళ్ళది వ్యాపారం" అని మాట తప్పించేదాన్ని. పొద్దున గంధం సబ్బుతో చేతులు రెండుసార్లు తోముకుని, మోచేతుల దాకా వాసన చూసుకుని బయలుదేరేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను మరిచిపోయిన అన్నం క్యారేజీ పట్టుకుని, నెత్తి మీద గంపతోనే అమ్మ నర్సింగ్ హోమ్ లోపలికి వచ్చేసింది. రిసెప్షన్‌లో ఉండే పద్మ ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని, "ఎవరే రత్నం, మీవోళ్ళా?" అని అడిగింది. నా నోటి నుంచి వచ్చిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "కాదు, మా ఊరావిడ. అమ్మ పంపించినట్టుంది."

అమ్మ విన్నది. క్యారేజీ నా చేతికిచ్చి, "సల్లారిపోద్ది, తినేయమ్మా" అని వెనక్కి తిరిగింది. ల్యాబ్ గుమ్మంలో రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ గ్రేసమ్మగారు నన్ను దాటుకుని వెళ్ళి, "అమ్మా, ఉండు. ఏం చేపలున్నాయి?" అంటూ అమ్మతో వరండాలోకి నడిచారు. గంప దింపించి, మెట్టు మీద పక్కనే కూర్చుని, ఎంతోసేపు మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగొచ్చాక ఆమె నన్నేమీ అడగలేదు. ఇంట్లో అమ్మ కూడా అడగలేదు. ఎవరో ఒకరు అడిగితే బాగుండుననుకుంటూ నెలలు గడిపాను.

నాలుగు వరుసల హైవే వచ్చిన కొత్త రోజులవి. ఒక హోటలువాళ్ళు మేడ మీద ఏషియన్ రెస్టారెంట్ అండ్ లాంజ్ బార్ తెరిచారు. ఆ ఎర్ర లాంతర్ల బోర్డు గురించి ఊరంతా మాట్లాడుకునేవారు. గ్రేసమ్మగారు తన యాభై ఎనిమిదో పుట్టినరోజుకి నన్నూ పద్మనీ అక్కడికి రమ్మన్నారు.

"బార్ అని రాసుందండి మేడమ్! ఎవరైనా చూత్తే?" అని పద్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మనల్ని చూసినోళ్ళు కూడా అక్కడికి వచ్చినోళ్ళే కదా" అన్నారు గ్రేసమ్మగారు.

చీకటి పడుతుండగా ముగ్గురం ఆటో దిగాం. పైన ఎర్ర కాగితపు లాంతర్లు, కుండీల్లో వెదురు, గుమ్మం దగ్గర బొజ్జ పెట్టుకుని నవ్వే విగ్రహం. ఒక పక్క ఎత్తు కుర్చీల వెనక సీసాలు నీలి దీపాల్లో మెరుస్తున్నాయి. అటు చూడకుండా పద్మ నా చెయ్యి పట్టుకుని గబగబా నడిచింది. గ్రేసమ్మగారు మాత్రం ఆగి, ఒక్కో సీసానీ మందుల షాపులో చూసినట్టు చూశారు. వెయిటరు చిన్న కాగితపు గొడుగు గుచ్చిన లిచీ రసం తెస్తే, "ఇందులో మందు లేదు కదా బాబూ?" అని అడిగి, లేదన్నాక ఒక గుక్క తాగి, గొడుగు తీసి జడలో పెట్టుకున్నారు. అంత పెద్దావిడ అలా చేస్తుందని మేమెవరం అనుకోలేదు. పద్మ భయం అక్కడితో పోయింది.

అప్పుడే ఆమె తన భర్త సంగతి చెప్పారు. ఆయన ఓడల్లో ఇంజన్ పని చేసేవారట. సింగపూర్‌లో తిన్నవన్నీ సెలవులకి వచ్చినప్పుడు కథలుగా చెప్పేవారట. అక్కడివాళ్ళు అన్నం తినే రెండు పుల్లలు తెచ్చి, వేరుశనగ గింజలు పోసి, వాటితో తీయడం నేర్పారట. "ఒకరోజు తీసుకెళ్తానన్నారు. ఈలోగా ఆయనే వెళ్ళిపోయేరు. సింగపూర్ ఎలాగూ వెళ్ళను. అదే మనూరొచ్చింది, చూడకపోతే ఎలాగ?" అన్నారు. చెబుతూనే పుల్లలతో నూడుల్స్ చక్కగా పైకెత్తారు. పక్క బల్లవాళ్ళు తినడం ఆపి చూశారు.

ఆ తర్వాత చేప వచ్చింది. పొడుగు పళ్ళెంలో తల తోక ఉన్న నిండు చేప, పైన అల్లం తురుము, ఉల్లికాడలు. "సీ బాస్ మేడమ్, ఫ్రెష్" అన్నాడు వెయిటరు. అది పండుగప్ప. అమ్మ గంపలో వందసార్లు చూసిన చేప. చూడగానే నాకు తెలిసిపోయింది. కన్ను లోపలికి పోయింది. చెంచా తగలగానే ముల్లు దగ్గర మాంసం పొరలుగా విడిపోకుండా పిండిలా చితికింది. పద్మ నోట్లో పెట్టుకుని "సూపరండీ" అంది. నేను నా ముక్కను పళ్ళెం అంచుకి జరిపాను.

గ్రేసమ్మగారు పుల్లలు కింద పెట్టారు. "రత్నం, ఏటి కనిపిస్తంది?"

ల్యాబ్‌లో అడిగిన గొంతే. ఏమీ లేదని అనబోయాను. ఆ గొంతు ముందు అనలేకపోయాను. "ఇది పాత చేప మేడమ్. ఐసులో చాలా రోజులుంది. తినకండి" అన్నాను. వెయిటరు కాదన్నాడు. మేనేజరు వచ్చాడు. టై సర్దుకుంటూ, "పొద్దున వచ్చిందేనండి. మీకెలా తెలుసు?" అన్నాడు.

పద్మ నా వైపు చూస్తోంది. పక్క బల్లవాళ్ళు చూస్తున్నారు. గ్రేసమ్మగారు నీళ్ళ గ్లాసు వైపు చూస్తున్నారు.

"మా అమ్మ చేపలమ్ముతాది. నేను ఆ గంప పక్కన పెరిగేను" అన్నాను. పద్మ వైపు తిరిగి, "ఆ రోజు క్యారేజీ తెచ్చింది మా ఊరావిడ కాదే. మాయమ్మే" అన్నాను. పద్మ నా పళ్ళెం తన వైపు లాక్కుని, "అయితే చెప్పు, ఇంకేం తినకూడదో" అంది. ముగ్గురం ఒక్కసారే నవ్వేశాం.

గొడవ విని వంటతను బయటికి వచ్చాడు. డార్జిలింగ్ వైపు కొండల నుంచి వచ్చిన సన్నటి మనిషి. చేప కన్ను వేలితో నొక్కి చూసి, హిందీలో మేనేజరుతో, ఈ అమ్మాయి చెప్పింది నిజం, నేనూ రెండు రోజులుగా ఇదే చెబుతున్నాను అన్నాడు. నా వైపు తిరిగి, మీ అమ్మగారు ఎక్కడ అమ్ముతారు అని అడిగాడు.

మర్నాడు తెల్లవారుజామున అమ్మ గంప సర్దుకుంటుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. "అందరికీ సెప్పేనమ్మా, నువ్వు మాయమ్మవని."

"ఓసి పిచ్చిదానా, నేను మీయమ్మనని నాకు తెలీదేటి?" అంది. ముఖం అటు తిప్పుకుని గంపలో గుడ్డ చాలాసేపు సర్దింది. తర్వాత, "ఇంతకీ ఆ పండుగప్పని ఏటేసి వండేరే?" అని అడిగింది.

ఆ వంటతను నిజంగానే బజారుకి వచ్చాడు. ఆ హోటలు మేడ నడిచినన్నాళ్ళూ చేపలు అమ్మ దగ్గరే కొన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. చేప మొప్పలు ఎత్తి చూపించుకుంటూ బేరాలాడుకునేవారు. చైనావాడిలా కనిపిస్తాడని అమ్మ అతన్ని "సైనా బాబు" అనేది. తనది మన దేశమేనని అతను నాచేత ఎన్నిసార్లు చెప్పించినా, "నాను మటుకు కాదన్నానేటి, బాబూ?" అనేది. నర్సింగ్ హోమ్‌కి కూడా ఇక వెనకాడకుండా వచ్చేది. గ్రేసమ్మగారు ఒకసారి అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె రక్తపు చుక్కనే మైక్రోస్కోపులో చూపించారు. "నా లోపల ఇంతమంది ఉన్నారేటి!" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

ఆ సాయంత్రం నాకోసం గ్రేసమ్మగారు వేసిన పథకమని నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఆమె రిటైరయ్యాక, నేను సొంత ల్యాబ్ పెట్టుకున్నాక, ఒకరోజు ఇంటికి వెళ్ళి అడిగేశాను. "ఆ రోజు నాతో నిజం చెప్పించాలనే అడిగేరు కదండీ?"

ఆమె కళ్ళజోడు తీసి నన్ను వింతగా చూశారు. "ఏటి చెప్పించడం? మీయమ్మ అని నాకు ముందే తెలుసు. వరండాలో ఆవిడ చెప్పిందంతా నీ గురించే. నువ్వెప్పుడు చెప్పుకుంటావో అది నీ ఇష్టం. ఆ రోజు చేప నాకు తేడాగా అనిపించింది. పుట్టినరోజు పూట కడుపు పాడుచేసుకోవాలా? ఆ బల్ల దగ్గర చేప సంగతి తెలిసినదానివి నువ్వొక్కదానివే. నిన్ను కాక ఇంకెవర్ని అడుగుతాను?"

దారంతా ఆ మాటే తలుచుకుంటూ నడిచాను. నేను సబ్బు పెట్టి తోముకున్నదంతా ఆమె కంటికి నాకు తెలిసిన విద్యలా కనిపించింది. దాచుకోవలసినదిగా ఆమెకు ఎన్నడూ తోచనే లేదు.

గ్రేసమ్మగారు పోయి కొన్నేళ్ళయింది. పోయిన వారం ఒక మేకల కాపరి ముసలమ్మ మనవణ్ణి జ్వరంతో తీసుకొచ్చింది. మా ల్యాబ్ అమ్మాయి గబగబా సూది తీస్తుంటే ఆగమని, "వీడి జ్వరం చూస్తే నీకేమనిపిస్తోందమ్మా?" అని ఆవిడను అడిగాను. ఎవరూ అడగని ప్రశ్న కాబోలు, మనవణ్ణి దగ్గరికి లాక్కుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. జ్వరం రోజు విడిచి రోజు వస్తోందట, వణుకు పొద్దెక్కాక మొదలవుతుందట, అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి ఉంచుకుంది. నేను స్టూలు ఆవిడ వైపు జరిపి, కూర్చుని చెప్పమన్నాను.