చిన్నమ్మి మోకాళ్ళు

చోడవరంలో దాసులు చాలామందే ఉన్నారు గాని, సైకిల్ దాసు ఒక్కడే. షుగర్ ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్కన అతని రేకుల షెడ్డు. ముందు వేలాడే పాత టైర్లు, పంక్చర్లు చూసుకునే నీళ్ళ తొట్టి, లోపల బల్ల మీద ఒక కప్పు. కుర్రతనంలో అనకాపల్లి సైకిల్ పందెంలో గెలిచిన కప్పది. ఇప్పుడందులో బేరింగు గుళ్ళు పోసుకుంటున్నాడు. "ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అని తనే నవ్వుతాడు. మనిషి మంచివాడే. అందుకే అతను చేసిన వెధవపని గురించి చెప్పాలంటే నాకే నోరు రావడం లేదు.

దాసుని సైకిల్ గురించి ఒక్క మాట అడిగితే అరగంట వదలడు. వడ్డాది రోడ్డు మంచిదా, మాడుగుల దాటాక వచ్చే కొండరోడ్డు మంచిదా అని అడిగారా, చేతిలో పానా కింద పెట్టేస్తాడు.

"వడ్డాది రోడ్డు బల్లపరుపు బాబూ. అక్కడ నీకు అడ్డొచ్చేది గాలొక్కటే. కాళ్ళు ఒకే లెక్కన తిప్పడం అలవాటవుద్ది, స్పీడొస్తది. కొండరోడ్డు అలక్కాదు. నీ ఒంటి బరువు నువ్వే మోసుకెళ్ళాల. ఊపిరెలా దాచుకోవాలో, గేరెప్పుడు తగ్గించాలో కొండే నేర్పుద్ది. ఒకటి తొక్కి ఒకటి మానేస్తే సగమే వచ్చినట్టు."

ఈ మాట అతను ఇప్పటికి వందమందికి చెప్పుంటాడు. ఒక్క గుంటకి మాత్రం చెప్పలేదు.

ఆ గుంట పేరు చిన్నమ్మి. నరసమ్మ కూతురు, ఇంటర్ మొదటి సంవత్సరం. నరసమ్మ ముప్పై ఏళ్ళు ఊడ్పులకీ, చెరుకు కోతలకీ వెళ్ళి మోకాళ్ళు పోగొట్టుకున్న మనిషి. గడప దాటాలన్నా గోడ పట్టుకోవాలి. దాసుని "తమ్ముడూ" అని పిలుస్తుంది, అతను "అప్పా" అంటాడు. చుట్టరికం లేదు, పిలుపు మాత్రం గట్టిది. అందుకని చిన్నమ్మికి దాసు మావయ్య.

దాసు కూతురు దేవిశ్రీ పదో తరగతి. చిన్నమ్మితో కలిసే సైకిల్ తొక్కడం నేర్చుకుంది. ఇద్దరికీ దాసే పాత సామాన్లు ఏరి, ఫ్రేములు అతికించి, రంగులు వేసి గేరు సైకిళ్ళు తయారు చేశాడు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. రోజూ తెల్లవారగానే ఇద్దరూ వడ్డాది రోడ్డు మీద బయలుదేరేవారు. అటూ ఇటూ చెరుకు తోటలు, వరి మళ్ళు. సీజనులో అయితే చెరుకు ట్రాక్టర్లకి దారిస్తూ పోవాలి. దాసు వెనకాల టీవీఎస్ మీద సెల్‌ఫోన్లో టైము చూస్తూ వెళ్ళేవాడు. వెళ్ళి రావడం ఇరవై కిలోమీటర్లు. చిన్నమ్మికి నలభై రెండు నిమిషాలు పట్టేది, దేవిశ్రీకి నలభై నాలుగు. ఏడాదంతా అదే వరస. చిన్నమ్మి ముందు, దేవిశ్రీ వెనక.

ఒకరోజు దేవిశ్రీ చెయిన్‌కి నూనె వేసుకుంటూ, తలెత్తకుండా అడిగింది. "నాన్నా, నేనెప్పుడూ రెండేనా?"

ఆ ప్రశ్న దాసు గుండెలో ముల్లులా దిగిపోయింది. కన్నతండ్రి కదా, ఏం చేస్తాడు? ఏం చేస్తాడంటే, చెయ్యకూడని పని చేస్తాడు.

నవంబరులో ఫోను వచ్చింది. నెల తిరక్కుండా సెలెక్షన్లు. ఇటువైపు మండలాలన్నిటి నుంచీ ఒక్క ఆడపిల్లనే పై పోటీలకి పంపుతారు. ఫోను చేసినవాడు దాసుకి పాత నేస్తం. "వడ్డాదిలో స్టార్టింగు. మాడుగుల దాకా ఫ్లాటే. ఆఖరి నాలుగు కిలోమీటర్లూ ఘాట్ మీద. రూటింకా బయటపెట్టలేదు, నీకు కాబట్టి సెప్తన్నాను" అన్నాడు.

దాసు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ వారం నుంచి ఆదివారాలు దేవిశ్రీని తీసుకుని మాడుగుల వెళ్ళడం మొదలుపెట్టాడు. మాడుగులలో అత్తారిల్లుంది కనక ఎవరూ ఏమీ అనుకోలేదు. తెలిసిన వ్యాన్ మీద సైకిల్ వేసుకునేవాడు. ఆదివారం ఒక్కటీ ఘాట్, మిగిలిన రోజులు వడ్డాది. మొదటి వారం నాలుగు కిలోమీటర్లకి దేవిశ్రీకి ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది, రెండుసార్లు ఆగింది. నాలుగో వారానికి ఆగకుండా ఇరవై మూడులో ఎక్కేసింది. తిరిగొచ్చేటప్పుడు దాసు నరసమ్మ ఇంట్లో ఇవ్వడానికి మాడుగుల హల్వా పొట్లం తెచ్చేవాడు. అంతకుముందు ఎన్నిసార్లు అత్తారింటికి వెళ్ళాడో, ఎప్పుడూ తేలేదు మహానుభావుడు.

ఇక్కడితో ఆగినా సగం తప్పే. మూడో ఆదివారం గడిచాక చిన్నమ్మే షాపుకొచ్చి అడిగింది.

"మావయ్యా, దేవి కొండెక్కుతందట కదా. నన్నూ తీసుకెళ్ళు. నాకూ ఎక్కాలనుంది."

అప్పుడే నరసమ్మ కూతురిని వెతుక్కుంటూ రోడ్డు దాటుతోంది. ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని, అడుగుతీసి అడుగేస్తూ వస్తోంది. దాసు ఆమె వంక చూశాడు. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో, నోట్లోంచి జారిపోయింది.

"నీకు కొండ పడదే అమ్మీ. నీది మీ అమ్మ ఒళ్ళు. కొండెక్కితే మోకాళ్ళు పోతాయి. ఫ్లాటే తొక్కు నువ్వు, నీ స్పీడుకి అదే సాలు."

చిన్నమ్మి తల్లివైపు చూసింది. తరవాత తన మోకాళ్ళవైపు చూసుకుంది. "సరే మావయ్యా" అంది. ఎందుకని అడగలేదు, నిజమా అని అడగలేదు. ఆ పిల్ల అడిగినా బాగుండేదని దాసు తరవాత ఎన్నిసార్లు అనుకున్నాడో.

సెలెక్షన్ల రోజు వడ్డాదిలో పద్దెనిమిది మంది ఆడపిల్లలు వరసలో నిలబడ్డారు. రూటు ఏమిటో అప్పుడే మైకులో చెప్పారు. ఘాట్ అనగానే చిన్నమ్మి తిరిగి దాసుని చూసింది. దాసు టీవీఎస్ పెట్రోలు మూత సరిచేసుకుంటున్నాడు.

విజిలు వేశారు. చదును రోడ్డు మీద చిన్నమ్మిని పట్టుకునేవాళ్ళు లేరు. మాడుగుల దాటేసరికి దేవిశ్రీ కంటే నిమిషమున్నర ముందుంది. దాసు వెనకాలే వెళుతున్నాడు. కొండ మొదలైంది, మొదటి ఒంపు ఎక్కేసింది. ఎక్కడా తడబాటు లేదు, నడుం వంచి మహా ఒడుపుగా తొక్కుతోంది. దాసుకి ఒకపక్క భయం, ఇంకోపక్క, ఏం చెప్పను, గర్వం కూడా. రెండో ఒంపు దగ్గర ఆ పిల్ల ఉన్నట్టుండి బ్రేకు వేసి దిగిపోయింది. సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు వార నడవడం మొదలుపెట్టింది. రొప్పడం లేదు. కాలు ఈడ్వడం లేదు. ఊరికే నడుస్తోంది.

దేవిశ్రీ ఆమెని దాటుతున్నప్పుడు చిన్నమ్మి గట్టిగా అరిచింది. "ఒసే దేవీ, ఆపకే! తొక్కు, తొక్కు!"

దేవిశ్రీ మొదటొచ్చింది. చిన్నమ్మి ఆరోది. పైన అందరూ దాసు భుజం తడుతున్నారు. చిన్నమ్మి చున్నీతో మొహం తుడుచుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది.

"కోప్పడకు మావయ్యా. ఎక్కగలను. ఊపిరుంది, కాళ్ళల్లో బలముంది. కానీ మోకాలు కొంచెం పీకినట్టనిపించింది. నువ్వు సెప్పేవు కదా, అమ్మలాగైపోతానని. దిగీసేను."

కొండ తొక్కడం రాక ఓడిపోతుందని దాసు అనుకున్నాడు గాని, ఓడించింది కొండ కాదు. ఎక్కుతున్న పిల్లని అతని మాటే కిందకి లాగేసింది. పక్కనే ఉన్న దేవిశ్రీ ఇదంతా వింది. ఇంటికొచ్చి, మెడలో పతకం తీసి బేరింగు గుళ్ళ కప్పు పక్కన పెట్టి, తండ్రిని నిలదీసింది.

"మరి నా మోకాళ్ళు పోవా నాన్నా?"

"నీ మంచికే..." అని దాసు మొదలుపెట్టి ఆపేశాడు. దేవిశ్రీ ఆ పూట నుంచి అతనితో మాట్లాడలేదు. సైకిల్ ముట్టుకోలేదు. మాట్లాడకపోవడం ఒక ఎత్తు, కంచం ముందు కూర్చుని అతనివైపు చూసే చూపు ఇంకో ఎత్తు. మూడు రోజులు దాసు షాపులో ఏ పనీ సక్రమంగా చెయ్యలేదు. ఒకాయనకి ముందు చక్రం పంక్చరైతే వెనక చక్రం విప్పాడు. ఎవరి మోకాలు కనబడినా ఒళ్ళు మండేది, తన మీద తనకే.

నాలుగో రోజు మధ్యాహ్నం చిన్నమ్మి ఎర్ర సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. తుడిచి, తళతళలాడేలా చేసి తెచ్చింది.

"ఇది ఎవరికైనా ఇచ్చీ మావయ్యా. ఇంక తొక్కను. అమ్మ భయపడతంది. నీ మాట ఇన్నాను కాబట్టి సరిపోయింది, లేపోతే ఏటయ్యేదో అంటంది."

దాసు సైకిల్ అందుకోబోయాడు. అందుకుంటే అక్కడితో అయిపోతుంది. ఎవరికీ తెలీదు. దేవిశ్రీ నాలుగు రోజులకి మామూలవుతుంది. ఇదంతా బుర్రలో ఒక్క క్షణంలో తిరిగింది. చెయ్యి హ్యాండిల్ దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఉండవే అమ్మీ. నీ మోకాళ్ళకేం కాలేదు. కొండెక్కితే మోకాళ్ళు పోవు. నేను అబద్ధం సెప్పేను."

చిన్నమ్మికి అర్థం కాలేదు. దాసు మొత్తం చెప్పాడు. ఫోను సంగతి, ఆదివారాల సంగతి, హల్వా సంగతి, దేవి అడిగిన ప్రశ్న. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల సైకిల్ బెల్లు మీద వేలు పెట్టుకునే ఉంది, ఒక్కసారీ కొట్టలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని కిందకి దిగనివ్వలేదు. చివరికి ఒకే మాట అంది.

"ఇది నాకు కాదు మావయ్యా. మా అమ్మకి సెప్పు."

దాసు షాపు అలాగే వదిలేసి ఆమె వెనకాల నడిచాడు. నాలుగు సందులే, అయినా నడక తెమల్లేదు. నరసమ్మ అరుగు మీద కూర్చుని గిన్నెలో వేడి నూనె వేళ్ళతో కలుపుతూ చల్లారుస్తోంది. సెలెక్షన్ల రోజు నుంచీ సాయంత్రం సాయంత్రం కూతురి మోకాళ్ళకి రాస్తోందట. తన మోకాళ్ళకి ఏనాడైనా రాసుకుందో లేదో. దాసుని చూడగానే గోడ పట్టుకుని లేవబోయింది.

"కూకో అప్పా, లెగకు" అన్నాడు దాసు.

"తమ్ముడొస్తే కూకుంటానేటి? నా గుంట కాళ్ళు కాపాడేవు బాబూ. లేపోతే నాలాగ అయిపోయేది అది. నీ పేరు సెప్పుకుని రోజూ దణ్ణం పెట్టుకుంటన్నాను." లేచి కుర్చీ లాగి, కొంగుతో తుడిచింది.

దాసు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అన్నాడు. "అప్పా, దాని మోకాళ్ళకి ఏటీ లేదు. ఏ కొండైనా ఎక్కొచ్చు. నేను సెప్పింది అబద్ధం."

నరసమ్మ ముఖం ఒక్కసారి వెలిగిపోయింది. దాసు భరించలేకపోయింది అదే. "నిజమేటి? బాగున్నాయా దాని మోకాళ్ళు? ఓలమ్మో, ఎంత సల్లటి మాట సెప్పేవు బాబూ!" అని కూతురి మోకాలు రెండు చేతులతో నిమిరింది. నిమురుతూ నిమురుతూ చెయ్యి ఆగింది. తలెత్తి దాసుని చూసింది.

"మరయితే ఎందుకు దిగీసిందది?"

దాసు తల వంచుకున్నాడు. చిన్నమ్మి పక్కకి తిరిగి నిలబడింది. నరసమ్మ ఎదురుచూస్తూనే ఉంది, వేళ్ళకున్న నూనె చీర మడతల్లోకి జారుతోంది.

"అది దిగలేదప్పా" అన్నాడు దాసు. "నేనే దింపీసేను."