పెళ్ళిళ్ళకి పోయిన హాజరు

సాలేహాకు అత్తింటి చుట్టాలంటే కోపం లేదు. వాళ్ళ పెళ్ళిళ్ళంటేనే ఒళ్ళు మంట.

ఆమె భర్త నబీకి విజయవాడ వన్‌టౌన్‌లో గాజుల కొట్టు. మనిషి నెమ్మదస్తుడు. కాకపోతే ఎవరింట్లో నికా అన్నా కొట్టు షట్టరు దించేసి, పెళ్ళాంబిడ్డల్ని బస్సెక్కించేవాడు. వలీమా భోజనాలయ్యాక కూడా "ఎట్లాగూ ఇంతదూరం వచ్చాంగా" అంటూ ఇంకో చుట్టం గుమ్మం ఎక్కేవాడు. కూతురు సనోబర్ పదో తరగతికి వచ్చిన ఏడాది, తొంభైల నడుమ, ఆ వంశంలో పిల్లలంతా కూడబలుక్కున్నట్టు పెళ్ళీడుకొచ్చారు.

"బడి ఎక్కడికీ పోదు. పెళ్ళి మళ్ళీ వస్తుందా?" అనేవాడు నబీ.

"వస్తూనే ఉన్నాయిగా!" అనేది సాలేహా. చెవిటివాడి ముందు శంఖమే.

నవంబరులో బడి నుంచి కబురొచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ తెరేసమ్మగారు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "నబీగారూ, మీ అమ్మాయి చెప్పాపెట్టకుండా ఇన్నిసార్లు మానేస్తే ఎట్లాగండీ? నూటికి డెబ్బై అయిదు హాజరు లేకపోతే పరీక్షకి పంపడానికి రూల్సు ఒప్పుకోవు. జబ్బు చేసిందంటే, డాక్టరు సర్టిఫికెట్టు ఉంటే కొంత మినహాయిస్తారు. పెళ్ళిళ్ళకి మినహాయింపు ఉండదు."

అన్ని మాటల్లో నబీ చెవికెక్కింది ఒక్క సర్టిఫికెట్టే. రెండోనాడు తెలిసిన డాక్టరు దగ్గర రాయించిన కాగితం తెచ్చి, భార్యను వెంటబెట్టుకుని వెళ్ళి బల్లమీద పెట్టాడు.

తెరేసమ్మగారు కళ్ళజోడు సర్దుకుని చదివింది. "పచ్చకామెర్లా? ఇందులో రాసిన వారం చివర్నేగా, మీ అమ్మాయి మోచేతులదాకా గోరింటాకుతో వచ్చి మా అందరికీ లడ్డూలు పంచింది?"

"తగ్గిపోయిన సంతోషంలోనండీ..." అన్నాడు నబీ.

సాలేహాకు తల కొట్టేసినట్టయింది. "కామెర్లూ లేవు, పాడూ లేదు మేడమ్. పెళ్ళికెళ్ళాం. ఆ కాగితం ఇటివ్వండి" అని అందుకుని, అక్కడే నాలుగు ముక్కలు చేసింది.

తెరేసమ్మగారు ఆ ముక్కల్ని చెత్తబుట్టలో వేసింది. తర్వాత రిజిస్టరు తిప్పి లెక్క చూసింది. "ఇకమీదట ఒక్కపూట కూడా మానకుండా వస్తే ఎట్లాగో డెబ్బై అయిదుకి చేరుతుంది. తప్పిందా, నేనేం చేయలేనమ్మా. మళ్ళీ ఏడు ఇదే క్లాసు."

సరిగ్గా ఆ వారమే పామర్రు నుంచి నబీ అక్క ఆస్మా దిగింది. రెండో కొడుకు ఆరిఫ్ పెళ్ళి, వచ్చే గురువారం.

"ఆపా, ఆదివారం పెట్టుకోకూడదా?" అంది సాలేహా.

"పెద్దలు పెట్టిన ముహూర్తం మార్చమంటావా? సొంత మేనకోడలు రాకపోతే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ వచ్చి దీని పరీక్ష రాస్తారా?"

నబీ మొహం మాడ్చుకున్నాడు. ఆస్మా టీ గ్లాసు తాకకుండా లేచిపోయింది. అందరికంటే గట్టిగా ఏడ్చింది సనోబర్. పెళ్ళికని కుట్టించుకున్న జరీ డ్రస్సు మంచం మీదే ఉంది. "అందరమ్మలూ ఒకరకం, నువ్వొకరకం!" అని తల్లితో మాట మానేసింది. ఎవరికోసమైతే ఇంత రభస పడుతోందో ఆ పిల్లే మొహం చాటేస్తే, సాలేహాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

గురువారం నబీ ఒక్కడే ముందు వెళ్ళాడు. ఆయన ఊరుకునే రకం కాదని తెలిసిన సాలేహా కూతురిని బళ్ళో దింపి, గేటు పక్కన సోడాబండి నీడలో బుర్ఖాతోనే కూర్చుంది. అనుకున్నంతా అయింది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి మరిది రిజ్వాన్ ఆటోలో దిగాడు.

"భాభీ, అన్నయ్య పంపాడు. సాయంత్రం నికా. ఒక్కపూటేగా, పిల్లని పంపండి."

"ఆ ఒక్కపూటే లేదు రిజ్వాన్. ఆటో తిప్పుకుని వెళ్ళు."

"అన్నయ్య నన్ను తిడతాడు భాభీ."

"తిట్టనీ. నన్ను తిట్టట్లా? ఇద్దరం పంచుకుందాం."

బడి వదిలేదాకా ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

హాల్‌టికెట్టు వచ్చింది. సనోబర్ సెకండు క్లాసులో పాసైంది. ఆస్మా మాత్రం చాలాకాలం సాలేహాతో మాట్లాడలేదు. ఆరిఫ్ పెళ్ళి ఫొటోల్లో తను లేనని సనోబర్ తర్వాత డిగ్రీ చదివేటప్పుడు కూడా ఎత్తిపొడిచేది. సాలేహా జవాబు చెప్పడం మానేసింది.

రెండువేల నాలుగులో ఆస్మా పెద్దకొడుకు కూతురు పదో తరగతికొచ్చింది. ఆ ఏడు కొడుకుల్లో ఆఖరివాడి సంబంధం కుదిరితే, ఆస్మా తనే ఫోన్ చేసింది.

"సాలేహా, బళ్ళకి సెలవులెప్పుడిస్తారో చెప్పు. పిల్ల హాజరు పోతుందని కోడలు నా ప్రాణం తోడేస్తోంది."

పెళ్ళి మే నెలలో పెట్టారు. పామర్రులో షామియానా కింద, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయి, పట్టుచీరలు ఒంటికి అతుక్కుపోతున్నాయి.

"ఈ మండుటెండల్లో ఎవరమ్మా పెళ్ళి పెట్టింది?" అని ఒకావిడ విసుక్కుంది.

ఆస్మా విసనకర్ర ఆపి సాలేహాకేసి చూపించింది. "అదిగో, ఆవిణ్ణడుగు."