నూర్జహాన్‌కి ఎందుకు సోకలేదు?

2003లో నేను విజయవాడలోని ఒక హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీయడంతో పాటు, రిపోర్టిచ్చి ధైర్యం చెప్పే కౌన్సెలింగ్ పనీ చాలాసార్లు నా మీదే పడేది.

వన్ టౌన్‌లో ఇనప ట్రంకుపెట్టెలు చేసే కరీం గారికి పాజిటివ్ వచ్చింది. (పేర్లు మార్చాను.) జబ్బు ముదిరాకే మా దగ్గరికి వచ్చారాయన. భార్య నూర్జహాన్‌కి మాత్రం నెగటివ్. పెళ్లయి ఏళ్లు గడిచాయి, కండోమ్ ఎన్నడూ వాడలేదు. విండో పీరియడ్ అనుకున్నాను. అంటే వైరస్ సోకినా పరీక్షకి ఇంకా దొరకని తొలి వారాలు. కొన్ని నెలలాగి మళ్లీ చేశాను. నెగటివే.

ఆ రిపోర్టు ఆమెకి మనశ్శాంతి లేకుండా చేసింది. నిజంగా కాపురం చేస్తుంటే అంటకుండా ఎలా ఉంటుందని అత్తగారు నిలదీసింది. ఒకరోజు నూర్జహాన్ ఒక్కతే వచ్చి నా ముందు కూర్చుంది.

"నాకెందుకు రాలేదు మేడం?"

"కొందరి శరీరం పుట్టుకతోనే ఈ వైరస్‌ని కణాల్లోకి రానివ్వదమ్మా. మీదీ అలాంటిదేనేమో, తేల్చే టెస్టు మా దగ్గర లేదు. ఇన్నాళ్లూ అదృష్టం కొద్దీ సోకకుండా ఉండొచ్చు కూడా."

ఆమె చెయ్యి చాపి బల్ల మీద పెట్టింది. "అయితే నా రక్తం ఆయనకెక్కించండి. ఎంత కావాలంటే అంత తీసుకోండి. గ్రూపు కూడా ఒకటేనంట."

ఆ చేతిని పట్టుకుని చెప్పాను. "ఆ శక్తి మీ కణాల్లో ఉన్నా, రక్తం ఎక్కిస్తే ఆయనకి రాదమ్మా."

"పోనీ, నాకెలాగూ రాదుగా. ఇంక కండోమ్ ఎందుకండీ? ఆయన నన్ను ముట్టుకోవడానికే భయపడుతున్నాడు."

"ఇకముందు రాదని ఎవరూ చెప్పలేరు. వాడితే ఆయన భయమూ పోద్ది. రేపు ఇద్దరూ రండి, అత్తగారినీ తీసుకురండి."

ముగ్గురూ వచ్చారు. భార్యాభర్తల్లో ఒక్కరికే సోకడం మేము తరచూ చూస్తామని, కోడల్ని అనుమానించే పనే లేదని గట్టిగా చెప్పాను. ముసలామె కోడలి వైపు చూసి, "పొద్దున్నుంచి ఏం తినలేదు ఇది. పదమ్మా ఇంటికెళ్దాం" అంది.

తర్వాత ప్రభుత్వాసుపత్రిలో ఏఆర్‌టీ, అంటే వైరస్‌ని అదుపులో ఉంచే మందులు, ఉచితంగా ఇవ్వడం మొదలైంది. కరీం గారు కోలుకుని మళ్లీ సుత్తి పట్టారు. నేనక్కడ ఉన్నన్నాళ్లూ నూర్జహాన్‌కి నెగటివే వచ్చింది. కారణం ఏమిటో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత నెగటివ్ రిపోర్టుని కూడా నేనెవరికీ నిలబెట్టి చేతికివ్వలేదు. కూర్చోబెట్టి, తెలిసింది చెప్పి, తెలియనిది తెలియదనే చెప్పాను.