యీషున్ యముడి కోసం నేను రాయని ఫిర్యాదు

ఇన్నేళ్లలో ఒక్కరూ నన్ను అడగలేదు. ముందుగా నా బాధ అదే. మా బ్లాకులో లిఫ్టు ఆగినా, పై అంతస్తువాళ్లు బట్టలు పిండకుండా ఆరేసినా, ఫిర్యాదు చేసేది నేనేనని అందరికీ తెలుసు. పేరు, ఫ్లాటు నంబరు పెట్టి మరీ రాస్తాను. కానీ సందీప్ పాట ఆపించింది ఎవరన్న మాట వచ్చినప్పుడు మాత్రం ఒక్కరి చూపూ నా వైపు తిరగలేదు. నన్ను అంత మంచివాడనుకున్నారా? లేక లెక్కలోనే లేనా? ఏదైనా సరే, ఈ బరువు ఇక మోయలేను. మీరైనా వినండి.

సందీప్ మా పక్క ఫ్లాటు అబ్బాయి. మా పేట పేరు కలుపుకుని, పాటల్లో వాడి పేరు యీషున్ యముడు. నల్లకళ్లద్దాలు, మెడలో లావుపాటి గొలుసు, గొంతు కోస్తానన్నట్టు వేలితో సైగ. ఇంట్లో బల్లి కనబడితే మాత్రం పరుగెత్తుకొచ్చి మా తలుపు కొట్టేవాడు. పగలు ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసేవాడు. సాయంత్రమైతే గ్యాంగ్‌స్టర్ ర్యాప్.

ఆ చప్పుడు మీద మొదట ఫిర్యాదు చేసింది నేనే. తర్వాత చోటిచ్చిందీ నేనే. మా ఫ్లాట్లలో బాంబులు పడితే దాక్కోవడానికి మందపాటి గోడలతో, ఇనుప తలుపుతో ఒక చిన్న షెల్టరు ఉంటుంది. బాంబులు పడవు కనక అందరం అందులో సామాన్లు పెట్టుకుంటాం. నా షెల్టరులోని ఆవకాయ జాడీలు సోఫా వెనక్కి మార్చి, అక్కడ రికార్డు చేసుకోమన్నాను.

ఈ పరాయి దేశంలో పెరిగినా వాడికి తెలుగు వచ్చు. తెలుగులో బెదిరించడం రాదు. వాడి పాట వింటే "కొడతానండీ" అని అనుమతి అడుగుతున్నట్టుండేది. మాది ప్రొద్దుటూరు దగ్గర. నేనెవరి మీదా చెయ్యెత్తినవాణ్ణి కాను. అయినా చిన్నప్పుడు టీ అంగడి దగ్గర విన్న బెదిరింపులన్నీ నోటికి వచ్చు. ఒక్కొక్కటే నేర్పాను. "ఇంటికి పోయేటప్పుడు నీ నీడ గూడా నీ యెంట రాదు రా" అన్నది నాదే. దాన్ని వాడు తాళానికి కూర్చి పాడుతుంటే, బియ్యం బస్తా మీద కూర్చుని తల ఊపాను. నా జన్మలో నా మాట ఎవరైనా అంత శ్రద్ధగా విన్నారా?

పాట జనంలోకి పోయింది. షిప్‌యార్డులో పనిచేసే మనవాళ్ల ఫోన్లలో అదే మోగేది. వీడియో చివర సందీప్ అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. అమ్మకు, స్నేహితులకు, చికెన్ రైస్ అమ్మే ఆంటీకి, మా బ్లాకు కింద పడుకునే పిల్లికి. నా పేరు లేదు. మళ్లీ చూశాను. పిల్లి ఉంది. నేను లేను.

ఆ కోపం చల్లారకముందే మా తెలుగువాళ్ల ఉగాది వేడుక వచ్చింది. ఏ కార్యక్రమానికైనా నిర్వాహకులు ముందు నన్ను అడుగుతారు. నేను సరేనంటే ఆ తర్వాత ఫిర్యాదు చేసేవాడుండడని వాళ్ల ధీమా. సందీప్ పాడేవన్నీ నిజమేనా అని అడిగారు. నిజం కాకపోతే అంత బాగా ఎలా పాడతాడన్నాను. అంతే. అబద్ధం చెప్పలేదని ఎన్నాళ్లో నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కానీ ఆ మాటలు ఎవరివో నాకంటే బాగా ఎవరికి తెలుసు? గ్యాంగు అన్న మాట ఈ దేశంలో నవ్వులాట కాదు, పోలీసుల దాకా పోతుంది. వాడి పేరు తీసేశారు. కబురు పాకి, మిగతా పిలుపులూ ఆగిపోయాయి. ఆఫీసులో కూడా పిలిచి అడిగారట.

ఒక ఆదివారం సందీప్ నా దగ్గరికే వచ్చాడు. గొలుసు లేదు, కళ్లద్దాలు లేవు.

"ఎవరో నేను రియల్ గ్యాంగ్ అని చెప్పారంట, అంకుల్. సో బ్యాడ్ లా! మీరు కంప్లయింట్ రాయండి. మీ కంప్లయింట్ అంటే అందరికీ భయం."

"ఎవరి మీద రాయాల నాయనా?"

"ఎవరు చెప్పారో వాళ్ల మీద. మీరు కనిపెడతారు. ఐ నో."

"రాస్తాలే. ముందు ఇంత అన్నం తిను."

తిన్నాడు. ఆవకాయ మళ్లీ వేయించుకున్నాడు. నేను రాయలేదు. పావురాలకు మెతుకులు వేసినవాళ్ల మీద కూడా రాసిన మనిషిని, అదొక్కటే రాయలేదు. కనబడినప్పుడల్లా "ఏమైంది అంకుల్?" అనేవాడు. పంపాను, పైఅధికారులు చూస్తున్నారనేవాణ్ణి. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. తర్వాత వాళ్ల కుటుంబం ఊరి అవతల బెడోక్ పేటకు వెళ్లిపోయింది. ఇప్పుడు పెళ్లిళ్లలో మైకులు సర్దుతాడట. తను పాడడట.

నా జాడీలు ఇంకా సోఫా వెనకే ఉన్నాయి. షెల్టరు ఖాళీగా ఉంది.

నిన్న ఆ ఫిర్యాదు రాశాను. తప్పు చేసిందెవరు అన్నచోట నా పేరు పెట్టి, నేరుగా సందీప్‌కే పంపాను. చదివినట్టు ఫోనులో నీలి టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. గుండె మాత్రం కొంచెం తేలికైంది. క్షమించమని అడగను, ఆ ముఖం నాకు లేదు. నన్ను తిట్టు సందీపూ, పాట కట్టి మరీ తిట్టు, ఇంకా మంచి తిట్లు కావాలంటే నేర్పుతాను. కానీ ఒక్క సంగతి ఈరోజుకీ మింగుడు పడటం లేదు సందీపూ. పిల్లి పేరు చెప్పినవాడివి, నా పేరెందుకు చెప్పలేదు? దానికైనా జవాబు చెప్పు.