ఇప్పచెట్టు కింద ఒక ఇంగ్లీషు మాట

నా చిన్నప్పుడు, మరైగూడ దగ్గరి మా ఊళ్లో, ఒక ఎండాకాలపు ఉదయం ఇప్పచెట్టు కింద ఉన్నవాళ్లు వీళ్లు: మా తాతయ్య, కిరందుల్ గని కాలనీ నుంచి సెలవు మీద వచ్చిన మా మేనమామ, పక్కింటి అక్క, ఆ చెట్టున్న చేను ఆసామి, నేను. వస్తువులు: అక్కది ఒక వెదురు గంప, ఆసామిది ఒకటి, చెట్టు చుట్టూ బూడిద, దాని మీద అప్పుడప్పుడే రాలుతున్న పూలు. రెండు గంపలూ ఖాళీగానే ఉన్నాయి. పూలు ఎవరు ఏరాలన్నది ఇంకా తేలలేదు.

మా వైపు ఇప్పచెట్టు ఒకరి చేలో ఉండి, పూలు ఏరుకునే ఇల్లు మరొకటి కావడం మామూలే. పూలు రాలే ముందు ఏరుకునేవాళ్లు చెట్టు కింద ఎండుటాకు ఊడ్చి కాలుస్తారు. నేల శుభ్రమైతే పూలు కనబడతాయి. ఎవరు ఆకు కాలిస్తే ఆ ఏడు పూలు వాళ్లవని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆ చెట్టు పూలు ఎప్పటినుంచో అక్క అత్తగారింటివి. అక్క భర్త మిరపకాయలు ఏరడానికి భద్రాచలం వైపు పోయాడు. పిల్లవాడికి జ్వరం వచ్చి ఆ ఏడు అక్క ఆలస్యం చేసింది. అన్నదమ్ముల పంపకంలో కొత్తగా ఆ చేను దక్కిన ఆసామి ఆమెకంటే ముందే ఆకు కాల్చేశాడు. ఎండిన పూలు సంతలో అమ్మితేనే అక్క ఇంటికి వానాకాలపు బియ్యం. ఆ చెట్టు పోతే ఆ నెలలు గడవవు.

మా మామయ్యకు అరుదైన ఇంగ్లీషు మాటలంటే ఇష్టం. సెలవుకు వచ్చినప్పుడల్లా మిఠాయి తెచ్చినట్టు పిల్లలకు ఒక మాట తెచ్చేవాడు. కుండలో నీళ్లు పోశాక పైన మిగిలే ఖాళీని అలిజ్ అంటారని మా ఇంటి కుండలోనే చూపించాడు. కుందేలులా మునిమాపునా తెల్లవారుజామునా తిరిగే జంతువు క్రెపస్క్యులర్ అని చెప్పాడు. ఆ సారి తెచ్చిన మాట యూజుఫ్రక్ట్. ముందురోజే మాకు నేర్పాడు కాబట్టి, చెట్టు కింద గొడవ చూడగానే ఆయన ఆగలేకపోయాడు.

"దీనికి ఇంగ్లీషులో పేరుంది. యూజుఫ్రక్ట్. కోర్టులో కూడా నిలబడే మాట!" అన్నాడు.

ఆసామి పకపకా నవ్వాడు. "ఆ మాటను నీ కాలనీల నిలబెట్టుకో బావా. ఈడ బూడిద నాది."

ఎవరి తరఫున మాట్లాడాడో ఆ అక్కకు కూడా నవ్వాగలేదు. "అది వండుకుంటే కడుపు నిండుతదా ఏంది అన్నా?"

తాతయ్య మాత్రం నవ్వలేదు. ఆ మాట లోపల ఏమేమున్నాయో విప్పి చెప్పమన్నాడు. మామయ్య వేళ్లు మడుస్తూ చెప్పాడు. వస్తువు ఇంకొకరిది. దాని ఫలం మనది. వస్తువు చెడకుండా చూసుకోవాలి.

తాతయ్య ఆసామి వైపు తిరిగి, చేను ఎవరిదని అడిగాడు. తనదేనన్నాడు ఆసామి. నిజమే, నీదేనని తాతయ్య ఒప్పుకుని, అక్క చేత కూడా ఆ మాట అనిపించాడు. అక్క ముఖం చిన్నబోయింది. ఆసామి నింపాదిగా గంప పక్కన కూర్చున్నాడు. తాతయ్య తన పక్షాన ఉన్నాడని అనుకున్నట్టున్నాడు.

తాతయ్య రెండోది వదిలేసి మూడోది ఎత్తుకున్నాడు. "చెట్టుకేం కాలేదు గదా?"

అందరం మొదలు వైపు చూశాం. ఆకు కాల్చడం తెలిసినవాళ్లు ముందు మొదలు చుట్టూ ఆకును దూరంగా లాగి, ఆ తర్వాతే నిప్పు పెడతారు. ఆసామి ఆకంతా మొదలుకే కుప్ప పోసి అంటించాడు. మోకాలెత్తు వరకు బెరడు నల్లబడింది.

"తెల్వక చేసిన తాతా," అన్నాడు ఆసామి.

"తెలువాలంటే ఏండ్లకేండ్లు కాల్చాలె. ఈ చెట్టు కింద అట్ల కాల్చిందెవరు?"

ఆసామి కాసేపు బూడిదను పుల్లతో గీశాడు. "వదిన వాళ్లత్త," అన్నాడు. తాతయ్య ఇంకా చూస్తూనే ఉన్నాడు. "ఆమెకు ముందు, ఆమె అత్త."

అలా మిగిలిన రెండోది, పూలు ఎవరివన్నది, అతని నోటి నుంచే వచ్చింది. ఆసామి లేచి గంప చంకన పెట్టుకున్నాడు కానీ కదల్లేదు. తాను ఊడ్చిన కష్టం సంగతేమిటని అడిగాడు.

"ఇయ్యాల్టి పూలు నువ్వే ఏరుకో మరిదీ. రేపటి సంది నేనొస్త," అంది అక్క.

"మాట మీదుండు వదినా."

"నువ్వుండు ముందు. నా చెట్టు మసిజేసి, నాకే చెప్తున్నవా?"

అప్పుడు తాతయ్య మామయ్యను పిలిచి, ఇప్పుడు చెప్పు నీ మాట అన్నాడు. మామయ్య యూజుఫ్రక్ట్ అన్నాడు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. ఆసామి అయితే దాన్ని పలకడానికి ప్రయత్నించాడు, నోరు తిరగక మళ్లీ ప్రయత్నించాడు. మర్నాటి నుంచి అక్కే పూలు ఏరింది.

మామయ్య తప్పు మాటేమీ చెప్పలేదని నాకు తర్వాత అర్థమైంది. అర్థం సరైనదే, సందర్భం కూడా సరైనదే. కాకపోతే వినేవాళ్లు ఇంకా ఒప్పుకోని సంగతికి ముందే పేరు పెట్టేశాడు. తాతయ్య ఆ పేరును విప్పి, ఎదుటివాడు సులభంగా ఒప్పుకునే ముక్క ముందు పెట్టి, తగాదా ఉన్న ముక్కను చివరికి ఉంచాడు.

ఇప్పుడు నేను యంత్రాల మరమ్మతు చూసే ఉద్యోగంలో ఉన్నాను. మా పనిలో బయటివాళ్లకు తెలియని ఇంగ్లీషు మాటలు చాలా ఉన్నాయి. ఏదైనా యంత్రాన్ని ఆపాలని చెప్పాల్సి వస్తే, ఆ మాటను విప్పి, ఒక్కో ముక్కకూ ఎదుటివారి చేత అవుననిపించి, చివరికి పేరు చెబుతాను. చాలాసార్లు పేరు దాకా వెళ్లే అవసరమే రాదు.

యూజుఫ్రక్ట్ అనే మాటను ఇప్పటివరకు నేను రెండుసార్లే వాడాను, రెండుసార్లూ వినేవాళ్లు దాని ముక్కలన్నీ ఒప్పుకున్నాకే.