మా వీధి మీద ఎర్ర గడి

ఆ వానాకాలం మ్యాపు మీద ఎర్రబడిన గడుల్లో ఒకటి మా వీధిదే.

నేను ఖరగ్‌పూర్‌లో ఒక పరిశోధన బృందంలో పనిచేస్తున్నాను. వాన ఎంత పడింది, నేల ఎంత వేడెక్కింది, పచ్చదనం ఎక్కడ దట్టంగా ఉంది, ఇవన్నీ ఉపగ్రహాలు పంపుతాయి. వాటిని పాత డెంగీ కేసులతో కలిపి చూసి, వచ్చే మూడు వారాల్లో జ్వరాలు ఎక్కడ పెరగొచ్చో అంచనా కట్టి, ఆ గడులకు ఎర్రరంగు వేస్తాం. మ్యాపు ఆరోగ్య సిబ్బందికి పంపేస్తే నా పని అయిపోయినట్టే. కానీ ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే మా రైల్వే కాలనీలోని ఆ గడి కింద మా నాన్న, ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చిన చెల్లెలు ఉన్నారు.

సాయంత్రం ఇంటికెళ్లి నాన్నకు ఫోన్‌లో చూపించాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు.

"అంత పైనుంచి సూస్తే దోమలు కనిపిస్తాయేటమ్మా?"

"దోమలు కనపడవు నాన్నా. అవి పుట్టే సోట్లు ఉండొచ్చని తెలుస్తాది, అంతే."

"అయితే పద, ఎతుకుదాం."

ఆదివారం పొద్దున్నే, మా పేటకు వచ్చే ఆరోగ్య కార్యకర్త అయిన బెంగాలీ దీదీని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగాం. ఎవరి నీళ్ల డ్రమ్ములు చూసినా శుభ్రంగానే ఉన్నాయి. అందరినీ ఊరికే కంగారు పెట్టానేమోనని సిగ్గుపడుతుంటే, వీధి చివర కప్పు కూలిన క్వార్టరు వెనకనుంచి నాన్న కేకేశారు. పిచ్చిమొక్కల మధ్య మూతలేని పెద్ద సిమెంటు తొట్టి. నీళ్లలో దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి.

"బాప్ రే!" అంది దీదీ.

"ఇది ఒంపితే ఒంగదు. అడుగున కన్నం కొట్టేస్తాను," అని నాన్న సుత్తీ ఉలీ తెచ్చుకున్నారు.

పది రోజులకు చెల్లెలికి జ్వరం వచ్చింది. అందరికన్నా ముందు తెలిసి కూడా దాన్ని అత్తారింటికి పంపెయ్యలేదని నన్ను నేనే తిట్టుకున్నాను. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. రిపోర్టు వచ్చేదాకా నాన్న బెంచీ మీద కూర్చోలేదు. డెంగీ కాదు. రెండు రోజులాగి మళ్లీ చేసిన పరీక్షలోనూ కాదనే తేలింది. అప్పటికి జ్వరమూ దిగింది.

"ఓలమ్మా, ఆకలేస్తంది. ఏటైనా పెట్టండి," అంది చెల్లెలు. నాన్న తువ్వాలుతో చాలాసేపు ముఖం తుడుచుకున్నారు.

మూడు వారాలు గడిచినా మా గడిలో ఒక్క డెంగీ కేసూ రాలేదు. మా లెక్కే తప్పిందో, తొట్టి ఖాళీ చేయడం వల్ల ముప్పు తప్పిందో బృందంలో ఎవరూ చెప్పలేకపోయారు. అంచనా నిజం కాలేదని రికార్డులో నేనే రాశాను. అంత తేలిక మనసుతో ఏ తప్పూ ఒప్పుకోలేదు ఎప్పుడూ. పని ముగించుకుని, దారిలో పూరీ గేట్ దగ్గర చెల్లెలు అడిగిన ఘుగ్ని అనే బఠాణీల కూర కట్టించుకుని, వేడి చల్లారకముందే ఇంటికి సైకిలు తొక్కాను.